ఢిల్లీ చూసిన పట్టీ

పోయిన నెల మెట్‌పల్లి దగ్గరి ఒక ఊరికి పరామర్శకు వెళ్లాను. పోయిన మనిషి నేతగాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బంధువు కాదు, మా కులం కాదు, మా ఊరూ కాదు. దవాఖానలో నేను ఆయన కాలికి పట్టీ కట్టేవాణ్ని, అదే మా పరిచయం. తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ చదువుదామని తెరిచిన పుస్తకం తెరిచిన పేజీ దగ్గరే ఉంటోంది. అందుకని ఆయన గురించి నాకు తెలిసింది రాసి పెడుతున్నాను. దవాఖానల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు చదివితే మంచిది. ఇందులో నా తప్పులున్నాయి, వాటిని దాచకుండా రాస్తాను. ఆయన గెలుపు ఒకటుంది, దాన్ని పెంచకుండా రాస్తాను.

అవి అరవైల మొదటి సంవత్సరాలు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి కొన్నేళ్లయింది. గోడ మీద పాత ఉర్దూ బోర్డు పక్కన తెలుగు బోర్డు ఇంకా కొత్తగానే ఉండేది. నేను కరీంనగర్‌లో ఒక సర్కారు దవాఖానలో డ్రెస్సర్‌ని. పుళ్లు కడగడం, కట్లు కట్టడం నా పని. ఊళ్ల నుంచి వచ్చేవాళ్లకు సూది వేసేవాడూ, మందు కలిపేవాడూ, కట్టు కట్టేవాడూ అందరూ డాక్టర్లే. నన్నూ డాక్టర్ సాబ్ అనేవారు. నేను కాదనేవాణ్ని కాదు. ఆ నేతగాడు మాత్రం మొదటి రోజే తేల్చేశాడు.

"నువ్వు డాక్టర్‌వు గాదు గద?"

"కాదన్నా. పట్టీలు కట్టెటోన్ని."

"గట్ల జెప్పు మరి. పట్టీల సారువు."

ఆ తర్వాత నా ఉద్యోగానికి ప్రమోషన్లు వచ్చాయి కానీ ఆయన దగ్గర నా పేరు మారలేదు.

ఆయన ఎడమ కాలు బోదకాలు. మోకాలి కింద నుంచి పాదం దాకా ఉబ్బి, చర్మం దళసరెక్కి, మడమ దగ్గర మడతలు పడి ఉండేది. రెండు మూడు నెలలకోసారి చలిజ్వరం వచ్చేది. గజ్జలో బిళ్ల కట్టేది, కాలు ఎర్రగా కాగిపోయేది. నాలుగైదు రోజులకు జ్వరం దిగేది. కాలు మాత్రం అంతకు ముందుకన్నా కొంచెం లావుగా మిగిలేది. దానికి తోడు నెత్తురు పోటు కూడా ఉందని తేలింది.

మా డాక్టర్ సాబ్ పాతబస్తీ మనిషి. ఏ భాషలోనైనా మందుల చీటీ రాసినంత పొదుపుగా మాట్లాడేవాడు. ఆయన కాలు చూసి, నేతగాడి ముఖంలోకి చూసి చెప్పాడు.

"ఈ కాలు పాత కాలు కాదు ఇంక. కానీ పెరగకుండా ఆపొచ్చు. రోజూ సబ్బుతో కడుగు. వేళ్ల సందులు పొడిగా తుడువు. పండుకుంటే కాలు ఎత్తు మీద పెట్టు. లేస్తే పట్టీ. ఉప్పు బంద్. బిల్కుల్ బంద్."

"మగ్గం గూడ బందా సాబ్?" అన్నాడు నేతగాడు. గొంతులో అప్పటిదాకా లేని భయం.

ఆయనది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు జార్చి కూర్చుని, అడుగున ఉన్న చెక్క పలకల్ని పాదాలతో తొక్కాలి. మామూలు బట్టకు రెండు పలకలు చాలు. ఆయన నేసే దుప్పటి అంచుకు ఆరు. ఆ అంచు రెండు వైపులా ఒకేలా కనిపించేది, ఏది పైవైపో ఏది లోపలివైపో చెప్పలేకపోయేవాళ్లం. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. ఆ చుట్టుపక్కల అది తెలిసినవాడు అప్పటికి ఆయన ఒక్కడే.

డాక్టర్ సాబ్ ఆయన చేత గాలిలో పలకలు తొక్కించి, పిక్క మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఇది ఆపకు. తొక్కినప్పుడల్లా పిక్క పిండుతుంది, నీరు పైకి పోతుంది. ఇది మందు" అన్నాడు. నేతగాడు నా వైపు తిరిగి, "ఇన్నవా? నా మందు నా గుంటల్నే ఉన్నదట" అన్నాడు.

మూడు వారాలు వార్డులో ఉంచుకున్నాం. రోజూ పొద్దున్నే నేను టేపుతో పిక్క కొలిచి రాసుకునేవాణ్ని. ఆయనకు ఆ టేపు మీద నమ్మకం లేదు. "నీ టేపు నాకు సదువరాదు. దారమైతే సదువుత" అని ఒక నూలుపోగు తీసి పిక్క చుట్టూ తిప్పి, కొస కలిసిన చోట గుర్తుగా ముడి వేశాడు. మర్నాడు అదే దారం చుట్టి, ముడి ఎక్కడిదాకా వచ్చిందో చూసేవాడు. వారం గడిచినా ముడి అక్కడే ఉంది. దవాఖాన భోజనంలో ఉప్పు లేదు. పట్టీ కడుతున్నాను. కాలు ఎత్తు మీదే ఉంది. నాకు అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం నేను వేళ కాని వేళ వార్డులోకి వెళ్లాను. ఆయన భార్య గిన్నె విప్పి జొన్న రొట్టె పెడుతోంది. రొట్టె మీద ఎర్రగా మామిడికాయ తొక్కు.

"వదినా! ఉప్పు వద్దన్న గద!"

ఆమె ఉలిక్కిపడలేదు. "ఉప్పేడిది సారూ? కూరల ఎయ్యలే, పప్పుల ఎయ్యలే. రొట్టెల ఎట్లనన్న ఉండదాయె."

"మరిదేంది?"

"గిది తొక్కు."

"తొక్కుల ఉప్పు లేదా?"

"ఉప్పు లేకుంటే తొక్కు బూజు పట్టదా? అది తొక్కు తినే ఉప్పు సారూ. మనిషి తినేది గాదు."

నేతగాడు రొట్టె పక్కన పెట్టి నవ్వాడు. నేను వెళ్లి డాక్టర్ సాబ్‌కు ఫిర్యాదు చేశాను. ఆయన వాళ్లను ఏమీ అనలేదు. నన్ను అడిగాడు: "నువ్వు ఏం చెప్పినవ్? ఉప్పు వేయొద్దన్నవ్. ఆమె వేయలేదు. తప్పు ఎవరిది, భాయ్?"

ఇది నా మొదటి తప్పు. పిల్లలూ, రోగికి ఏది వద్దో చెప్పే ముందు వాళ్ల వంటింట్లో ఏమున్నదో అడగండి. నేను ఆ సాయంత్రం ఆమె పక్కన కూర్చుని ఒక్కో డబ్బా గురించి అడిగాను. తొక్కు, వడియాలు, ఎండు చేపలు, ఉప్పు కలిపి దంచిన కారం. అన్నీ ఆమె దృష్టిలో ఉప్పు కానివే. వాటి బదులు ఏం తినొచ్చో కూడా ఆమే చెప్పింది: వేయించి దంచిన నువ్వుల పొడి, ఎల్లిపాయ, నిమ్మకాయ, పచ్చి ఉల్లిగడ్డ. "నోరు సచ్చిపోతది గని కాలు బతుకుతది" అంది. పది రోజుల్లో దారం కొస ముడిని దాటి వేలెడు మిగిలింది. అందులో తొక్కు వాటా ఎంతో, పట్టీ వాటా ఎంతో నేను చెప్పలేను. నేతగాడు మాత్రం ఆ దారాన్ని వార్డులో ప్రతి మంచం దగ్గరికీ తీసుకెళ్లి చూపించాడు.

తర్వాత కొట్లాట పట్టీ మీద వచ్చింది. మా దవాఖానవి పల్చటి గుడ్డ పట్టీలు. పొద్దున కడితే సాయంత్రానికి వదులై చీలమండ దగ్గర కుప్పపడేవి. ఒకరోజు ఆయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి మొహం చిట్లించాడు.

"దీన్ని ఏ మగ్గం మీద నేసిండ్రు సారూ? పడుగున్నదా, పేకున్నదా? దోమతెర లెక్కున్నది."

ఇంటికి వెళ్లిన నెల రోజులకు మళ్లీ వచ్చాడు. చేతిలో నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ ఒకటి, పొడవుగా, చుట్ట చుట్టి ఉంది. భార్య చేత రాట్నం మీద నూలుకు మామూలుకంటే ఎక్కువ పురి పెట్టించి, ఆ నూలుతో పడుగు పోసి నేశాడట. నేశాక వేడినీళ్లలో వేసి గంజి వదిలిస్తే బట్ట ముడుచుకుని సన్నటి ముడతలు తేలింది. లాగితే సాగేది, వదిలితే వెనక్కి వచ్చేది.

నేను లాగి చూశాను. మంచి పట్టీ. మా దగ్గర అలాంటిది లేదు. అయినా తిరిగి ఆయన చేతిలో పెట్టాను.

"ఇది దవాఖాన మాల్ గాదన్నా. నేను కట్టొద్దు."

రూలు అలాంటిది ఏదీ లేదు. నా పనిలోకి ఇంకొకరు వచ్చినట్టనిపించింది, అంతే. "నీ కాలికి రాకుంటే నా నెత్తికి వస్తది" అని దాన్ని అక్కడే తలకు రుమాలుగా చుట్టుకుని వెళ్లిపోయాడు. అప్పటి నుంచి దాన్ని తల మీదే చూసేవాణ్ని.

ఆ చలికాలం నేత శాఖ నుంచి ఒక అధికారి మా దవాఖానకు వచ్చాడు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. మంచివాడే, కాస్త కంగారు మనిషి. ఢిల్లీలో దేశమంతటి నేతపనుల ప్రదర్శన పెడుతున్నారని, మన జిల్లా నుంచి రెండు వైపుల అంచు నేసి చూపించడానికి ఒక నేతగాడి పేరు పైకి వెళ్లిందని చెప్పాడు. ఆ పేరు ఉన్న మనిషి మా దగ్గర కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. అధికారి ఆ కాలు చూసి ఆగిపోయాడు.

"ఏమండీ, అంతమంది పెద్దల ముందు... ఈ కాలుతో... మన రాష్ట్రం గురించి ఏమనుకుంటారండీ?"

"కాళ్లు గుంటల ఉంటయి సారూ" అన్నాడు నేతగాడు. "మీకు చేతులు గావాల్నా, కాళ్లు గావాల్నా?"

"అది కాదయ్యా. అక్కడికెళ్లాక జ్వరం వస్తే? మగ్గం ఖాళీగా ఉంటుంది. ఇంకో కుర్రాణ్ణి పంపిద్దామనుకుంటున్నాను."

"పంపుండ్రి. ఒక్కదిక్కు అంచు నేస్తడు. రెండోదిక్కు మీరు నేయుండ్రి."

డాక్టర్ సాబ్ నవ్వు ఆపుకుని, "మనిషి పోవచ్చు, నేను రాసిస్తా" అన్నాడు. అలా రైలు రోజు ఖాయమైంది. రైలుకు రెండు రోజుల ముందు జ్వరం వచ్చింది.

మగ్గం సామాను, సాయానికి వెళ్లే ఇద్దరు మనుషులు రైల్లో వెళ్లిపోయారు. నేతగాడు వార్డులో దుప్పటి కప్పుకుని వణుకుతూ పడుకున్నాడు. జ్వరంతో మూలుగుతూ కూడా అంచు గురించే మాట్లాడాడు. "మా బాపు నాకు నేర్పిండు. నేను నేర్పుదామంటె మా ఊర్లె ఎవ్వడు వస్తలేడు. బరువు పని, ఎవలు సూస్తరు అంటుండ్రు. ఢిల్లీల ఒక్కపారి సూస్తె, నేర్సుకునెటోడు ఒక్కడన్న వస్తడు సారూ." అప్పుడు నాకు అర్థమైంది, ఆయనకు ఢిల్లీ చూడాలని కాదు.

అయిదో రోజుకు జ్వరం దిగింది. ఆరో రోజు అధికారి మళ్లీ వచ్చాడు, ఈసారి ఇంకా కంగారుగా. ఢిల్లీలో మగ్గం బిగించారు, పడుగు ఎక్కించారు, ఆ అంచు వేయడం ఎవరికీ రావడం లేదు. ప్రదర్శన మొదలవడానికి మూడు రోజులే ఉంది. "విమానం టికెట్లకు మంజూరు తెచ్చానండీ. రెండు" అన్నాడు.

డాక్టర్ సాబ్ ఆలోచించాడు. కాలు కిందికి వేలాడేసి గంటల తరబడి కూర్చోవాలి. పైన గాలి పల్చన అంటారు. జ్వరం తగ్గిన కొత్తలో కాలు ఇంకా పచ్చిగానే ఉంటుంది. "పట్టీ లేకుండా ఎక్కితే ఢిల్లీలో దిగేసరికి కాలు సొరకాయ. దాని వెనక జ్వరం. మగ్గం మీద కూర్చోవడం ఉండదు" అన్నాడు. తర్వాత నన్ను చూశాడు. "రెండో టికెట్ ఇతనిది."

నేను విమానాన్ని ఎప్పుడు చూసినా తల పైకెత్తే చూశాను. దాని గురించి పుస్తకాల్లో చదివినవన్నీ ఆ క్షణాన ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు.

బస్సులో కట్టడానికి కొన్ని పట్టీలు నా సంచిలో పెట్టుకున్నాను. విమానానికని ఇంకో ఆరు చుట్టలు ఆయన భార్యకు ఇచ్చి, బాగా ఉతికి ఆరబెట్టి పెట్టెలో సర్దమని చెప్పాను. ఆమె సర్దింది. నేను పెట్టె తెరిచి చూడలేదు. ఇది నా రెండో తప్పు.

హైదరాబాద్ దాకా బస్సు. దారి పొడుగునా దుమ్ము, గుంతలు. కాలును ఎదుటి సీటు కింద మూట మీద పెట్టించాను. సికింద్రాబాద్‌లో ఒక ధర్మశాలలో దిగేసరికి కట్టిన పట్టీలు చెమటతో, దుమ్ముతో మళ్లీ కట్టడానికి పనికిరాకుండా పోయాయి. కాలు దిండ్ల మీద పెట్టుకుని ఆయన హాయిగా నిద్రపోయాడు.

తెల్లవారాక కాలు కడిగి, వేళ్ల సందులు తుడిచి, పెట్టె మూత తీశాను. చుట్టలు తెల్లగా మెరుస్తూ ఉన్నాయి. ఒకటి విప్పబోతే విడిపోలేదు. గట్టిగా లాగితే అప్పడం విరిగినట్టు టపటపమంది. ఆరూ అంతే. అట్టముక్కల్లా ఉన్నాయి.

నేతగాడు ఒకదాన్ని అందుకుని వేలితో గీరి చూశాడు.

"గంజి పెట్టింది."

"గంజా? ఎందుకు?"

"ఎందుకేంది సారూ. ఢిల్లీకి పోతున్నయి గద. మా ఇంట్ల గంజి లేకుంట బట్ట గడప దాటదు." ఇంకోసారి గీరాడు. "గింత మంచిగ నా పడుగుకు గూడ ఎన్నడు పెట్టలే."

దవాఖాన వస్తువు, సర్కారు పని మీద ఢిల్లీ వెళ్తోంది. ఆమె తన ఇంటి మర్యాద చేసి పంపింది. ఆ గట్టి అంచులు కాలికి చుడితే చర్మం కోసుకుపోతుంది. తడిపి గంజి వదిలిద్దామంటే ఆరే వ్యవధి లేదు. తడి పట్టీతో ఆరు గంటలు కూర్చుంటే వేళ్ల సందులు పాసిపోతాయి, జ్వరం వచ్చేది ఆ దారినే. మందుల దుకాణాలు తెరవడానికి ఇంకా మూడు గంటలుంది. విమానం అంతసేపు ఆగదు.

నేను తల ఎత్తాను. నా చూపు ఆయన తల మీద ఆగింది. ఆయన గమనించాడు.

"అటు సూడకు."

"అన్నా..."

"గిది కట్టుకోని ఢిల్లీల దిగుత అని ఊరంత చెప్పిన. మా ఇంటి బట్ట ఢిల్లీ సూడాలె అన్న. ఇప్పుడు నెత్తిమీదిది కాలికా?"

అడిగే అర్హత నాకు లేదు. కొన్ని నెలల కిందట అదే పట్టీని నేను కాదన్నాను. ఆయన గంజి పట్టీల వైపు చూశాడు. తర్వాత చెయ్యి తలకు వెళ్లింది. ఒక్కో చుట్టు విప్పడం మొదలుపెట్టాడు.

"కానియ్యి. కాలు ఈడ ఉండిపోతే నెత్తి ఒక్కతే ఢిల్లీకి పోయి ఏం జేస్తది?"

బయలుదేరే ముందు భార్య ఉతికి ఇస్తే, బస్సు దుమ్ము తగలకుండా మూటలో దాచి, ఆ పొద్దున్నే తలకు చుట్టుకున్న పట్టీ అది. తన మగ్గం మీది బట్ట కాబట్టి, సాగాలి కాబట్టి, దానికి మాత్రం గంజి వద్దని ఆయన ముందే గట్టిగా చెప్పి ఉన్నాడు. నేను కింద నుంచి పైకి, చుట్టాల్సిన పద్ధతిలో చుట్టాను. వేళ్ల దగ్గర బిగువు, పైకి పోయేకొద్దీ తక్కువ, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు. పట్టీ కాలి మీద చర్మంలా కూర్చుంది. మోకాలి కింద చివర దోపి, రెండడుగులు వేయమన్నాను. జారలేదు.

"ఎట్లున్నదన్నా?"

"దవాఖాన మాల్ గాదు గద, మంచిగనే ఉంటది."

ఎక్కే ముందు ఆయన దారం తీసి, పట్టీ మీద నుంచే పిక్క చుట్టూ తిప్పి ముడి వేశాడు. దాన్ని నా జేబులో పెట్టాడు.

విమానం కదిలినప్పుడు నేను కళ్లు మూసుకున్నాను. నేల వదిలినప్పుడు సీటు చేతులు పట్టుకున్నాను. పక్క నుంచి గొంతు వినిపించింది: "పట్టీల సారూ, నా కాలు సూస్తందుకు వచ్చినవా, కండ్లు మూసుకుంటందుకు వచ్చినవా?"

కళ్లు తెరిచి చూస్తే ఆయన పాదాలు కదులుతున్నాయి. అలా కదిలిస్తూ ఉండమని డాక్టర్ సాబ్ చెప్పాడు. ఊరికే కదిలించడం ఆయనకు చేతకాదు. పెదవులు ఏదో లెక్క పెడుతున్నాయి. ఒకటి–నాలుగు. రెండు–అయిదు. మూడు–ఆరు. ఆరు పలకల వరుస. సీటు కింద పలకలు ఉన్నట్టే మడమ ఆనించి, మునివేళ్లతో తొక్కి, పిక్క బిగించి వదులుతున్నాడు.

విమానంలో వడ్డించే అమ్మాయి రెండుసార్లు అటూ ఇటూ నడిచి, చివరికి వంగి నన్ను హిందీలో అడిగింది, ఆయనకు ఏమైనా బాధగా ఉందా అని. నేను ఉర్దూ బడిలో చదివినవాణ్ని. "బాధ కాదమ్మా, బట్ట నేస్తున్నారు" అని ఉర్దూలో చెప్పాను. ఆమె ఆయన పాదాల్ని చూసింది, నన్ను చూసింది, వెళ్లిపోయింది. ఇద్దరిలో ఎవరికి జబ్బో ఆమెకు అర్థమై ఉండదు.

కాసేపటికి పళ్లెం వచ్చింది. ఉప్పు చల్లిన జీడిపప్పు, ఏదో కూర కూరిన రొట్టె ముక్కలు, కారపు బిస్కట్లు. నేను వద్దన్నాను. ఆమె మొహం చిన్నబుచ్చుకుంది. నేతగాడు మూట విప్పాడు. ఉప్పు లేని జొన్న రొట్టెలు, నువ్వుల పొడి, ఉల్లిగడ్డ, నిమ్మకాయ. ఒక రొట్టె తుంచి ఆమెకు చాపాడు.

"తిను బిడ్డా. మా ఇంటిది. ఉప్పుండదు, సప్పగుంటది, ఏమనుకోకు."

ఆమెకు మాట అర్థం కాలేదు, చెయ్యి అర్థమైంది. తీసుకుని, నిలబడే నమిలింది. తర్వాత ఆమే ఒక పెద్ద సూట్‌కేసు తెచ్చి ఆయన కాలి కింద పెట్టింది. ఎవరి సూట్‌కేసో మేము అడగలేదు.

దారిలో విమానం నాగపూర్‌లో ఆగితే దిగి, జేబులోంచి దారం తీశాను. చుట్టాను. ముడి అందలేదు. బియ్యపు గింజంత తేడా.

అంతే కదా అనుకుంటారు. కానీ రెండు గంటలకు గింజంత అంటే, తర్వాతి మూడు గంటలకు ఎంతో నాకు తెలియదు. ఆయన నా ముఖం చూశాడు. నీడలో నేల మీద వెల్లకిలా పడుకుని, కాలు గోడకు ఆనించి పైకి చాపాడు. చుట్టూ పంట్లాములు వేసుకున్న మనుషులు చూస్తూ పోయారు. నేను పట్టీ విప్పి, చీలమండ దగ్గర ఇంకాస్త బిగువుగా మళ్లీ చుట్టాను. పిలుపు వచ్చేదాకా ఆయన అలాగే ఉన్నాడు.

విమానం మళ్లీ లేచాక ఆయన మాటలు మానేశాడు. జోకులు లేవు. పాదాలే ఆడాయి. నేను కిటికీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు, ఆ పాదాలనే చూస్తూ కూర్చున్నాను. భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు. కొంతసేపటికి నా పాదాలు కూడా ఒకటి–నాలుగు, రెండు–అయిదు అంటున్నాయి.

ఢిల్లీలో మెట్లు దిగి, ఎండలో ఒక పక్కకు నిలబడి, "సూడు" అన్నాడు. నేను జేబులోంచి దారం తీశాను. దారం ఆయనే లాక్కుని చుట్టుకున్నాడు. కొస ముడిని అందుకుంది. ముడి దాటి ఇంకా చిటికెన వేలు మందం దారం మిగిలింది.

ఆయన ఆ మిగిలిన కొసను గోటితో పట్టుకుని నాకు చూపించాడు. "ఆకాశంల రెండు మూరల అంచు నేసిన సారూ. ఎవలకు కప్పాలె మరి?"

అక్కడే, అందరి ముందే, ఇద్దరం పెద్దగా నవ్వాము. తర్వాత నా ఉద్యోగ జీవితంలో మెచ్చుకోలు కాగితాలు కొన్ని వచ్చాయి. ఆ దారపు కొస చూసినప్పటి సంతోషం వాటిలో దేనికీ రాలేదు.

ప్రదర్శనలో మట్టి పోసి ఎత్తు చేసి గుంట కట్టారు. ఆయన అందులోకి దిగి కూర్చున్నాడు. కాళ్లు ఎవరికీ కనపడలేదు. అధికారి ఊపిరి పీల్చుకున్నాడు. అంచు పడడం మొదలైంది. జనం మూగారు. బట్టను ఇటు తిప్పి, అటు తిప్పి చూశారు. నేత బాగా తెలిసిన ఒక పెద్దావిడ చాలాసేపు నిలబడి, చేతుల్ని చూడడం అయ్యాక, "కాళ్లు ఎలా నడుస్తున్నాయో చూడాలి" అంది. ఎవరూ ఆపేలోపే గుంట అంచున కూర్చుని లోపలికి వంగింది.

అధికారి మొహం పాలిపోయింది. నేను ముందుకు కదిలాను. ఆమె ఆ కాలును చూసింది. దాని మీది పట్టీని చూసింది. చెయ్యి చాపి పట్టీని రెండు వేళ్లతో లాగి వదిలింది. అది వెనక్కి వెళ్లి కూర్చుంది. మళ్లీ లాగింది.

"ఇది ఎక్కడిది?" అని హిందీలో అడిగింది. నేను ఆయనకు తెలుగులో చెప్పాను.

నేతగాడు పలకలు ఆపకుండానే అన్నాడు: "అది గూడ నా మగ్గం మీదిదే అని చెప్పు సారూ. మొన్నటిదాంక నెత్తిమీదుండె, ఇప్పుడు కాలికొచ్చింది అని చెప్పు."

నేను చెప్పాను. ఆమె నవ్వి, నూలు పురి గురించి అడగడం మొదలుపెట్టింది. ఒకటి తర్వాత ఒకటి. నాకు తెలిసినవి నేను చెప్పాను, తెలియనివి ఆయన చెప్పాడు. మూడో ప్రశ్న దగ్గర అధికారి నన్ను పక్కకు జరిపి తనే వివరించసాగాడు. "మా జిల్లాలో, మేడమ్, మా నేతగాళ్లు..." రాష్ట్రం గురించి ఏమనుకుంటారో అన్న మనిషి ఆ సాయంత్రం దాకా ఆ పట్టీని వచ్చినవాళ్లందరికీ చూపించాడు. ప్రదర్శన ఉన్నన్ని రోజులూ జ్వరం రాలేదు.

తిరిగి వచ్చాక డాక్టర్ సాబ్ కాలు విప్పించి చూసి, పట్టీని చేతిలోకి తీసుకున్నాడు. "ఇది ముందే ఉండెనా?" అని అడిగాడు. ఉందన్నాను. ఎందుకు కట్టలేదో కూడా చెప్పాను. ఆ వారమే మా వార్డుకు కావలసిన పట్టీలు ఆ మగ్గం మీదే నేయించడానికి పైకి రాశాడు. కాగితం తిరిగి తిరిగి ఏడాదికి వచ్చింది, కానీ వచ్చింది. ఆ ఏడాదే అంచు నేర్చుకోవడానికి ఇద్దరు వచ్చారు. ఒకడు హుజూరాబాద్ నుంచి, ఇంకొకడు ఆదిలాబాద్ నుంచి, మరాఠీ కలిసిన తెలుగుతో. బోదకాలు మానలేదు, అది మానే జబ్బు కాదు. ఆయన ముసలితనం దాకా దాన్ని ఆ ముడి దాటనివ్వలేదు. పోయింది కూడా దానివల్ల కాదు.

మొన్న పరామర్శకు వెళ్లినప్పుడు మగ్గం మీద ఆదిలాబాద్ వాడు కూర్చుని ఉన్నాడు. వాడికిప్పుడు తల నెరిసింది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పలకలు ఆగకపోవడమే నాకు బాగుంది. కొంతసేపు గుంట పక్కన కూర్చున్నాను. ఆయన భార్య ఏడవలేదు. లోపలికి వెళ్లి, పెట్టెలోంచి ఒక చుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నాలుగు వేళ్ల వెడల్పు. అంచులు పీచులేచాయి.

"నీకియ్యమన్నడు" అంది. "దవాఖాన మాల్ గాదు. తీసుకుంటవా మరి?"

రెండు చేతులతో తీసుకున్నాను. కొస పట్టుకుని కొద్దిగా లాగాను. సాగింది. వదిలితే మెల్లగా వెనక్కి వచ్చింది. ఆమె నా వేళ్లనే చూస్తోంది.

"గంజి పెట్టలే సారూ" అంది.